ఆలుగడ్డ లాభమంతా గోదాములోనే

సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో కనిపించే మెకెయిన్ ప్యాకెట్ల కంపెనీ గురించి వ్యాపార పత్రికల్లో, మోటివేషన్ వీడియోల్లో ఒకటే కథ తిరుగుతుంటుంది. కెనడాలో ఎక్కడో మారుమూల పల్లె. ఇద్దరు అన్నదమ్ములు మంచి ఉద్యోగాలు వదిలేసి 1957లో ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్యాక్టరీ పెట్టారు. ముప్పై మందితో మొదలై ప్రపంచమంతా పాకారు. తెగువ ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు, మీరూ చెయ్యండి, లైక్ కొట్టండి.

ఈ కథతో నాకు పేచీ ఉంది. 1957 అంటూ మొదలుపెట్టడంలోనే కథకుడు నలభై ఏళ్ళకు పైగా చరిత్రను మింగేస్తున్నాడు. ఆ నలభై ఏళ్ళూ ఆ కుటుంబం చేసింది విత్తనపు ఆలుగడ్డ వ్యాపారం. పండించిన చోట కొనడం, గ్రేడింగ్ చెయ్యడం, చలికాలమంతా పాడవకుండా దాచడం, ఓడలకెక్కించి వేడి దేశాలకు పంపడం. ఫ్రైస్ ఆ చెట్టుకు ఆలస్యంగా కాసిన కాయ. ఈ సంగతి నాకెందుకంత పట్టింపు అంటే, మాది జహీరాబాద్ వైపు. మా మేనమామ ఆలుగడ్డ వేస్తాడు. ఏటా దసరా దగ్గర పడుతుంటే ఆయనకు పట్టుకునే టెన్షన్ వాన గురించి కాదు, ఆగ్రా నుంచి రావాల్సిన విత్తనం లారీ గురించి.

ముందు ఆ కెనడా పల్లె సంగతి చూద్దాం. ఊరు పేరు ఫ్లోరెన్స్‌విల్. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో సెయింట్ జాన్ నది ఒడ్డున ఉంటుంది. పడమరకు కొంచెం దూరం పోతే అమెరికాలోని మెయిన్ రాష్ట్రం. సరిహద్దుకు అటూ ఇటూ ఆలుగడ్డ తప్ప రైతు పెద్దగా నమ్ముకునేది ఉండని నేల. గత శతాబ్దం మొదట్లో హ్యూ మెకెయిన్, ఆయన కొడుకు ఆండ్రూ అక్కడ మెకెయిన్ ప్రొడ్యూస్ అనే కంపెనీ పెట్టారు. చుట్టుపక్కల రైతుల దగ్గర విత్తనపు దుంప కొని క్యూబాకు, దక్షిణ అమెరికా దేశాలకు ఎగుమతి చేసేవాళ్ళు.

క్యూబా వాళ్ళు ఏటేటా అంత దూరం నుంచి ఎందుకు కొనాలి? తాము పండించిన దాంట్లోంచే కొంత దాచుకుని మళ్ళీ నాటుకోవచ్చు కదా? మా మేనమామను కూడా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు, మరీ ముఖ్యంగా వ్యవసాయం చెయ్యని చుట్టాలు. జవాబు పేనుబంక అనే చిన్న పురుగులో ఉంది. ఆలుగడ్డకు మనం నాటేది గింజ కాదు, దుంప. తల్లి మొక్కకు వైరస్ సోకితే అది దుంపతో పాటే పిల్లకు వస్తుంది. ఆ వైరస్‌లను చేను నుంచి చేనుకు మోసేది పేనుబంక. వెచ్చగా ఉండే చోట పేనుబంక దండిగా ఉంటుంది, అందుకని అదే విత్తనాన్ని రెండు మూడేళ్ళు తిప్పి తిప్పి నాటితే ఆకు ముడుచుకుపోతుంది, దిగుబడి సగానికి పడిపోతుంది. గడ్డ కట్టే చలి ఉన్న చోట పేనుబంక ఆట సాగదు, విత్తనం శుభ్రంగా ఉంటుంది. కాబట్టి వేడి దేశం చలి దేశం దగ్గర ప్రతి ఏడూ కొనాల్సిందే. ఒక్క మాటలో చెప్పాలంటే మెకెయిన్‌లు తమ ఊరి చలిని బస్తాల్లో కట్టి అమ్మారు. కొన్నవాడు మళ్ళీ ఏడాదికి తిరిగొచ్చే సరుకది. ఇంతకంటే మంచి వ్యాపారం ఉంటుందా?

మన దేశంలో ఆ చలి పాత్ర కొంతవరకు పంజాబ్, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పోషిస్తున్నాయి. పూర్వం మైదానాల రైతులు విత్తనం కోసం సిమ్లా కొండల వైపు చూసేవాళ్ళు. ఉత్తరాది మైదానాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పేనుబంక చాలా తక్కువగా ఉంటుందని, ఆ సందులో పంట పెంచి, పేనుబంక పెరిగేలోపే తీగ కోసేస్తే మైదానంలోనే మంచి విత్తనం తీయొచ్చని కేంద్ర ఆలుగడ్డ పరిశోధన సంస్థలో పుష్కర్‌నాథ్ లాంటి శాస్త్రవేత్తలు చూపించారు. జలంధర్ విత్తన వ్యాపారమంతా ఆ సందులోంచి పుట్టిందే. మన దక్కనుకు అలాంటి సందు లేదు. జహీరాబాద్‌లో పంట తీసేది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. మళ్ళీ నాటేది అక్టోబరు, నవంబరులో. మధ్యలో మన ఎండాకాలం మొత్తం ఉంది.

ఇక నిల్వ. బయటివాళ్ళకు గోదాము అంటే నాలుగు గోడలు, ఒక తాళం. ఆలుగడ్డ విషయంలో అది ఆస్పత్రి వార్డులాంటిది, ఎందుకంటే లోపలున్నది బతికున్న సరుకు. తవ్విన దుంపకు గీతలు, దెబ్బలు ఉంటాయి. రెండు వారాల పాటు 10 నుంచి 15 డిగ్రీల మధ్య, బాగా తేమలో ఉంచితే గాయాల మీద కొత్త పొర కడుతుంది. ఆ తర్వాత మెల్లగా చల్లబరచాలి. విత్తనమైతే 3, 4 డిగ్రీల దాకా దించుతారు, మొలక నిద్రపోతుంది. దుంప ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, వేడి వదులుతూనే ఉంటుంది. గాలి ఆడకపోతే రాశి నడిమధ్యలో ఉడుకెత్తుతుంది, ఒక్క దుంప కుళ్ళితే ఆ నీరు కింది వరుసలన్నిటికీ దిగుతుంది. తేమ తగ్గితే దుంప వాడిపోయి బరువు పోతుంది, అంటే డబ్బు పోతుంది.

ఇక్కడ వాళ్ళకూ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. న్యూ బ్రన్స్‌విక్‌లో చలికాలం బయట సున్నాకు ఎంతో కిందికి పోతుంది. అక్కడ నిల్వదారు కష్టం చలి పుట్టించడం కాదు, దుంప గడ్డ కట్టి చావకుండా కాపాడటం. ఆ ప్రాంతపు పాత ఆలుగడ్డ గోదాములు గుట్టలోకి తవ్వి, మట్టిని గోడకు దన్నుగా పెట్టి కట్టినవి. నేల వెచ్చదనమే వాళ్ళ యంత్రం. మన దగ్గర అమ్మోనియా కంప్రెసర్లు ఏప్రిల్, మే నెలల్లో పగలూ రాత్రీ తిరగాలి. కరెంటు పోతే జనరేటర్, జనరేటర్ మొరాయిస్తే దేవుడు. కెనడా కథ విని ఉత్సాహపడి ఇక్కడ అదే చేద్దామనుకునేవాళ్ళు ముందు ఈ లెక్క వేసుకోవాలి. వాళ్ళకు ఊరికే దొరికింది మనకు మీటరు మీద తిరుగుతుంది.

నిల్వ తెలిసినవాడికి వేపుడు ఎలా దగ్గరవుతుందో చెప్పాలంటే మన వంటింటి నుంచే మొదలుపెట్టొచ్చు. ఎండాకాలం చివర్లో తెచ్చిన ఆలుగడ్డ వేపుడు నల్లబడుతుంది, తింటే తియ్యగా ఉంటుంది. అమ్మ నూనెను తిడుతుంది, నూనె తప్పేం లేదు. బాగా చల్లటి గదిలో ఉన్న దుంప తన పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. ఆ చక్కెరే వేడి నూనెలో గోధుమ రంగు దాటి నలుపుకు పోతుంది. అందుకే ఫ్రైస్‌కు, చిప్స్‌కు పోయే దుంపను విత్తనం పక్కన దాచరు. 8, 10 డిగ్రీల దగ్గర వేరే గదిలో ఉంచుతారు. ఆ వెచ్చదనానికి మొలకలు రాకుండా మందు కొడతారు. మందు తగిలిన దుంప విత్తనానికి పనికిరాదు. రెండు సరుకులు, రెండు గదులు, రెండు లెక్కలు. ఇంకోటి: విత్తనానికి కోడిగుడ్డంత దుంప కావాలి. పెద్దది నాటితే ఎకరానికి బస్తాలు ఎక్కువ పడతాయి, దండగ. వేపుడు ఫ్యాక్టరీకి కావలసింది సరిగ్గా ఆ పెద్ద దుంపే, పొడుగు ముక్క వస్తుంది. గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబడి ఏళ్ళ తరబడి పెద్దవి ఒక పక్కకు తీసేసిన కుటుంబానికి వాటిని ఏం చెయ్యాలన్న ఆలోచన రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

తండ్రి ఆండ్రూ 1953లో పోయాడు. పెద్ద కొడుకులు ఆండ్రూ, రాబర్ట్ విత్తన వ్యాపారం చూసుకున్నారు. చిన్నవాళ్ళు హారిసన్, వాలెస్ ఇద్దరూ కె.సి. ఇర్వింగ్ అనే పెద్ద వ్యాపారి దగ్గర పనిచేశారు. 1957 కథలోని అన్నదమ్ములు వీళ్ళే. దుంపల్ని ఫ్రీజ్ చేసి అమ్మొచ్చన్న ఆలోచన రాబర్ట్‌దే అంటారు. పెట్టుబడిలో ఇంటి సొమ్ముంది, తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి ఉంది, అప్పుకు రాష్ట్ర ప్రభుత్వపు పూచీ ఉంది. మొదటి ఏడాది అమ్మకాలు సుమారు 1,53,000 డాలర్లు. చిన్న మొత్తమే. కానీ ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ఏ రైతు ఎలాంటి దుంప పండిస్తాడో, ఎవరి గోదాములో సరుకు మార్చి దాకా నిలుస్తుందో, ఎవరు అడుగు బస్తాల్లో రాళ్ళు కలుపుతారో ఆ ఇంటికి అప్పటికే తెలుసు. ఆ తెలివిడి కొత్తగా ఫ్యాక్టరీ పెట్టేవాడికి ఏ బ్యాంకూ అప్పివ్వదు.

తర్వాత వాళ్ళు చేసిన ప్రతి పనీ విత్తన వ్యాపారి బుర్రతో చేసిందే. డే అండ్ రాస్ అనే లారీల కంపెనీ కొన్నారు. ఎరువులు అమ్మారు, వ్యవసాయ యంత్రాలూ అమ్మారు. ఇంగ్లండ్‌కు ముందు సరుకు పంపి, గిరాకీ రుచి చూపించి, 1960ల చివర్లో స్కార్‌బరోలో ఫ్యాక్టరీ కట్టారు. ఏ దేశం వెళ్ళినా ముందు నేలను, రకాన్ని, రైతును చూసుకున్నారు. ఫ్రెడెరిక్టన్‌లోని ప్రభుత్వ పరిశోధనా కేంద్రం 1980లో షెపొడీ అనే రకం విడుదల చేసింది. తొందరగా చేతికొస్తుంది, ఫ్రైస్‌కు సరిపోతుంది. అది ఈ పరిశ్రమకు పెద్ద ఊతమైంది. సర్కారు శాస్త్రవేత్తల జీతం ఎవరు కట్టారో మోటివేషన్ వీడియోలో చెప్పరు లెండి.

ఇదంతా పొగడ్త కాదు. అదే ఇల్లు విత్తనం అమ్మి, ఎరువు అమ్మి, పంట కొని, తన లారీలోనే ఎక్కించుకుంటే రైతు చేతిలో మిగిలేదేంటి? ధర కుదరకపోతే ఇంకో గుమ్మం తొక్కే అవకాశం ఉండదు. న్యూ బ్రన్స్‌విక్ రైతుల్లో దీని మీద అసంతృప్తి దశాబ్దాల నుంచి ఉంది. గిట్టుబాటు కాక చిన్న కమతాలు పెద్దవాటిలో కలిసిపోతూ వచ్చాయి. అదే సమయంలో ఆ కంపెనీ లేకపోతే ఆ లోయలో సగం ఊళ్ళు ఖాళీ అయ్యేవని చెప్పేవాళ్ళూ అక్కడే ఉన్నారు. నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి, వాటిని కలిపి ఒక తీర్పు చెప్పే తొందర నాకు లేదు.

అన్నదమ్ముల తెగువ కథను నేను నమ్మకపోవడానికి అసలు సాక్ష్యం 1990లలో ఉంది. హారిసన్, వాలెస్ పక్కపక్క ఇళ్ళలో ఉండేవాళ్ళు. ఇద్దరూ సమాన హోదాలో కంపెనీ నడిపారు. వాలెస్ తన కొడుకు మైకేల్‌ను అమెరికా విభాగానికి అధిపతిని చేశాక పొరపొచ్చాలు మొదలయ్యాయి. మా తర్వాత ఎవరు? ఏ ఇంట్లో అయినా ఇదే ప్రశ్న. గుంటూరులో కావచ్చు, భీమవరంలో కావచ్చు, రెండో తరం పిల్లలు అమెరికా నుంచి ఎంబీఏ చేసి దిగినప్పుడల్లా పెద్దల గుండెల్లో రైళ్ళు పరిగెత్తేది దీనికే. లాయర్లు వచ్చారు, కోర్టు మెట్లు ఎక్కారు, 1994లో వాలెస్‌ను పదవి నుంచి దించేశారు. మరుసటి ఏడాది ఆయన టొరంటో వెళ్ళి, టీచర్ల పెన్షన్ ఫండుతో కలిసి మేపుల్ లీఫ్ ఫుడ్స్ అనే ఇంకో పెద్ద కంపెనీ కొన్నాడు. ఇక్కడ మెకెయిన్‌లో హోవర్డ్ మాన్ అనే బయటి మనిషిని తెచ్చి సీఈవో కుర్చీలో కూర్చోబెట్టారు. వాలెస్ తన వాటా మాత్రం అమ్ముకోలేదు.

తెగువే ఆ కంపెనీ మూలధనమైతే ఆ ఏడాదే అది కూలాలి కదా. తెగువ ఉన్న ఇద్దరిలో ఒకడు గెంటివేతకు గురయ్యాడు, రెండోవాడు ముసలివాడయ్యాడు. కంపెనీకి ఏమీ కాలేదు. 2004లో హారిసన్, 2011లో వాలెస్ పోయారు, అప్పుడూ కాలేదు. ఎందుకంటే అక్టోబరులో దుంప తవ్వే రైతుతో ఒప్పందం ఉంది, గోదాములో చలి ఉంది, వచ్చే ఏడాదికి విత్తనం ఉంది. అన్నదమ్ములు మాట్లాడుకున్నారా లేదా అన్నది దుంపకు పట్టదు.

మన దేశానికి వచ్చినప్పుడూ మెకెయిన్ అదే దారిలో నడిచింది. మెహసానాలో ఫ్యాక్టరీ కట్టడానికి ముందు ఏళ్ళ తరబడి గుజరాత్ చేలల్లో రకాలు వేసి చూసింది, రైతులకు డ్రిప్, స్ప్రింక్లర్ల సాగు నేర్పింది. బనాస్‌కాంఠా జిల్లాలోని డీసా చుట్టుపక్కల ఇవాళ ఎటు చూసినా కోల్డ్ స్టోరేజీలే. వాటిలో చాలావరకు కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి.

విత్తనం ఎంత విలువైనదో అదే గుజరాత్‌లో ఇంకో కంపెనీ కోర్టుకెక్కి మరీ చూపించింది. తన చిప్స్ రకం ఎఫ్‌సీ-5ను అనుమతి లేకుండా పండించారని 2019లో పెప్సీకో నలుగురు రైతుల మీద తలా 1.05 కోట్ల రూపాయలకు దావా వేసింది. దేశమంతా గోల లేచాక మే నెలలో వెనక్కి తీసుకుంది. విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవడం రైతు హక్కని మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణకు తెచ్చిన 2001 నాటి చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది. రైతు హక్కుల కార్యకర్త కురుగంటి కవిత పిటిషన్ మీద 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్ రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి దాన్ని మళ్ళీ నిలబెట్టింది. చిప్స్ ప్యాకెట్ డిజైన్ కాపీ కొడితే ఇంత రచ్చ అయ్యేదా? గొడవ పడింది దుంప కోసం.

ఇప్పుడు మా వైపు సంగతి. మా మేనమామకు సాగు ఖర్చులో దగ్గర దగ్గర సగం విత్తనానికే పోతుంది. ఎకరానికి పది క్వింటాళ్ళ దాకా పడుతుంది. లారీ వచ్చిన రోజు ఇంటి ముందు తాటిపత్రి పరిచి బస్తాలు కుమ్మరిస్తారు. ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కత్తిపీటలతో దుంప కోస్తారు, ప్రతి ముక్కకూ రెండు మూడు కళ్ళు ఉండేట్టు చూసుకుని. ఒక ఏడు వచ్చిన మాల్‌లో కోసిన ముక్క అంచున గోధుమ రంగు ఉంగరం కనిపించింది. నొక్కితే పాలలాంటి చీము. అది వడలు తెగులు. అప్పటికే అదే కత్తి ఎన్ని దుంపల్లో దిగిందో. మామ కత్తులన్నీ మందు నీళ్ళలో వేయించి, ఏజెంటుకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి వచ్చిన జవాబు: "దారిలో ఎండకు అట్లయితది, అన్నా. కోల్డ్ స్టోరేజీల ఉన్నప్పుడు మంచిగనే ఉండె." మామ ఫోన్ పెట్టేసి నాతో అన్నది ఒకటే: "ఆడ మంచిగుంటే ఈడికొచ్చేసరికి రోగమొస్తదారా? ఇత్తనం మన గదిల ఉంటే ఎవనికి ఫోన్ చేసే పని లేకుండె."

నేను చెప్పదలచింది ఆయన ఆ మాటలోనే చెప్పేశాడు. జహీరాబాద్‌లో విత్తనం పండించమని నేననడం లేదు, మన ఎండ అందుకు ఒప్పుకోదు. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పంజాబ్‌లోనో ఆగ్రాలోనో పంట తీసినప్పుడే, పొలం చూసి, దుంప కోసి చూసి, రైతులు కలిసి కొని తెచ్చుకుని ఇక్కడ గదిలో పెట్టుకుంటే? అక్టోబరులో ఏజెంటు చెప్పిన ధరకు, ఏజెంటు ఇచ్చిన సరుకుకు తల ఊపాల్సిన పని ఉండదు.

ఇది చెప్పగానే వచ్చే మొదటి అభ్యంతరం, కోల్డ్ స్టోరేజీలు మనకు లేవా అని. ఉన్నాయి, గుంటూరు నిండా ఉన్నాయి, మిర్చి కోసం. మిర్చికి పొడి గాలి కావాలి, ఆలుగడ్డకు తొంభై శాతం పైన తేమ కావాలి. రెంటినీ ఒక గదిలో పెడితే రెండూ పోతాయి. రెండో అభ్యంతరం బలమైనది. ఎనిమిది నెలలు డబ్బు గదిలో నిద్రపోతుంది, వడ్డీ మాత్రం నిద్రపోదు. ఆ సీజన్‌కు మార్కెట్ ధర పడిపోయి రైతులు ఆలుగడ్డ వేయడం మానేస్తే ఆ విత్తనం ఏం చేస్తారు? కూరకు అమ్మితే కరెంటు బిల్లు కూడా రాదు. ఈ రిస్కును ఓపిగ్గా మోసేది ఉత్తరాదిలో కుటుంబాలే. తాత కట్టిన గది, తండ్రి సంపాదించిన పరపతి, ఒక ఏడు నష్టం వస్తే మూడేళ్ళలో సర్దుకునే నిబ్బరం. వాళ్ళ లాభం మీద నాకు ఏడుపు లేదు, రిస్కు మోసినవాడు లాభం తీసుకుంటాడు. కానీ ఆ రిస్కు మోయడం మనం నేర్చుకోనంత కాలం మన రైతు ధర అడిగే స్థానంలో ఉండడు.

ప్రభుత్వం కోల్డ్ స్టోరేజీకి ఉద్యాన మిషన్ కింద 35 శాతం సబ్సిడీ ఇస్తోంది. సబ్సిడీతో గది లేస్తుంది. ఆ గదిలో ఎవరి సరుకు ఏ వరుసలో ఉందో రాసిపెట్టే మనిషి, వారానికోసారి బస్తా విప్పి మొలక చూసే మనిషి, పక్క ఊరి రైతు తన బస్తా వదిలి వెళ్ళేంత నమ్మకం, ఇవి సబ్సిడీ దరఖాస్తులో ఉండవు. మన రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో చాలావాటికి ఎరువుల డీలర్‌షిప్ దగ్గరే ఆట ఆగిపోతోంది. నాలుగేళ్ళు నష్టానికి ఓర్చుకుని ఒక్క గదిని నడపమంటే ముందుకొచ్చే సంఘం నాకింకా కనిపించలేదు.

కర్ణాటకలో ఈ మధ్య ఇంకో దారి తొక్కుతున్నారు. హాసన్ వైపు జలంధర్ లారీల మీద ఆధారపడటం తగ్గించాలని, ల్యాబులో పెంచిన శుభ్రమైన తల్లి మొక్కల నుంచి కొమ్మ ముక్కలకు వేళ్ళు పట్టించి నర్సరీల్లో నారులా అమ్ముతున్నారు. వాటిని నాటి, వచ్చిన దుంపల్ని విత్తనంగా వాడతారు. పలమనేరు, వి.కోట రైతులకు అది పక్క రాష్ట్రమే, నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. నేనైతే ఆశగానే చూస్తున్నాను. కాకపోతే ఆ నారు నుంచి వచ్చే దుంపను కూడా ఏప్రిల్, మే, జూన్ దాటించాల్సిందే. మామతో ఈ సంగతి చెబితే ఆయన ముందు అడిగింది రకం గురించి కాదు, దిగుబడి గురించీ కాదు. "సరే గానీ, ఎండాకాలం ఆ దుంపలు ఎవని గదిల పెడతరు? కరెంటు బిల్లు ఎవడు కడతడు?"